కెమెరా లేకపోవడమే సుగుణం!

ఖరీదైన సెల్‌ఫోను, కాని కెమెరా లేదు. అలాంటిది ఎవరైనా కొంటారా అని మీకు నవ్వు రావచ్చు. ఒకప్పుడు పెద్ద పెద్ద అధికారుల చేతుల్లో కనిపించినవి అవే మరి.

కెనడాలోని వాటర్లూకు చెందిన రీసెర్చ్ ఇన్ మోషన్ కంపెనీ 1999లో బ్లాక్‌బెర్రీ 850ని విడుదల చేసింది. అది ఫోను కాదు, ఈ-మెయిల్ అందించే పేజరు. 2002 నాటి 5810లో ఫోను చేర్చారు. అయితే మాట్లాడాలంటే హెడ్‌సెట్ తగిలించుకోవలసిందే! జపానులో 2000లోనే కెమెరా ఫోను అమ్మకానికి వచ్చింది. బ్లాక్‌బెర్రీకి మాత్రం 2006లో ‘పెర్ల్’ వచ్చేదాకా కెమెరా లేదు. ఆ తర్వాత కూడా, 2007లో వచ్చిన 8800ను కెమెరా లేకుండానే చేశారు.

ఎందుకంటారా? పరిశోధనశాలల్లోకి, సైనిక స్థావరాల్లోకి కెమెరాను రానివ్వరు. ఫోనును గేటు దగ్గరే అప్పజెప్పవలసి వస్తే, ఇక అది ఉండి ఏం లాభం?

నిజానికి కంపెనీ సర్వరు నుంచి ఆజ్ఞ పంపి బ్లాక్‌బెర్రీ కెమెరాను పనిచేయకుండా ఆపే వీలుండేది. కాని కాపలాదారుకు ఆ ఆజ్ఞ కనబడదు, కటకం కనబడుతుంది. చిక్కంతా అక్కడే.

2007లో ఐఫోను వచ్చాక ఉద్యోగులు సొంత ఫోన్లనే ఆఫీసుకు తేసాగారు. మరి సొంత ఫోను మీద యజమానికి హక్కెంత? 2014లో ఆండ్రాయిడ్ 5.0 ఒకే ఫోనులో ఆఫీసుకు వేరే గది కట్టింది. ఆ గదికి తాళం కంపెనీది, మిగతా ఇల్లు మీది. ఈ ఏర్పాటే నాకు న్యాయంగా తోస్తుంది.

కాపలాదారు సమస్య మాత్రం తీరలేదు. ఇప్పటికీ కొన్నిచోట్ల కటకం మీద స్టిక్కరు అంటించే లోపలికి పంపుతారు.