కణితికి గురి: భీమవరం నుంచి సిడ్నీ దాకా

పాటల మధ్య ఈ పూట పిల్లల కేన్సర్ మాట ఎత్తుతున్నందుకు ఏమీ అనుకోకండి. మొన్న ఇక్కడ సిడ్నీలోనే ఒక మిత్రుడు గొంతు తగ్గించి, "మా వాడి కణితిలో జన్యువుల పరీక్ష చేస్తామంటున్నారు అన్నయ్యా. సంతకం పెట్టమంటారా? ఊళ్ళో అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు" అన్నాడు. నేను డాక్టర్ని కాను, చరిత్ర చదువుకునేవాణ్ణి. ఆయనకు చెప్పిన కథే మీకూ చెబుతాను.

కథ మన భీమవరంలో మొదలవుతుంది. 1895లో అక్కడ పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగానికి డైరెక్టరుగా ఉన్నప్పుడు, ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుపడే మందులు అక్కడ తయారయ్యాయి. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అది అందకుండా చేస్తే కేన్సర్ పెరగలేదు. వాటిలో అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ (సిడ్నీ ఆయన పేరు, మన ఊరు కాదు!) రక్త కేన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చాడు. 10 మందిలో గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ గుణం ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

వాటికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను 1970లలో ఎముక కేన్సర్ మీద, అంటే గడ్డ కట్టే సాలిడ్ ట్యూమర్ మీద వాడారు. మోతాదు బాగా పెంచి, వెనకే ఫోలిక్ యాసిడ్‌కి దగ్గర చుట్టమైన ల్యూకోవోరిన్ ఇచ్చి మంచి కణాలను కాపాడేవారు. ఆ పద్ధతి నేటికీ ఉంది. కానీ ఈ మందుకు కలుపుకీ పైరుకీ తేడా తెలియదు.

తేడా తెలిసిన మందులు తర్వాత వచ్చాయి. పసిపిల్లల ఫైబ్రోసార్కోమా అనే కణితిలో రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కుంటాయని 1998లో తేలింది. ఆ అతుకు ఆరకుండా ఇరుక్కుపోయిన స్విచ్ లాంటిది. కణాన్ని పెరగమంటూనే ఉంటుంది. ఆ ఒక్క స్విచ్‌నే ఆపే లారోట్రెక్టినిబ్‌కు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. అలాంటి అతుకున్న 55 మందికి, 4 నెలల పాప నుంచి 76 ఏళ్ళ వారి దాకా, ఆ మందు ఇస్తే 75 శాతం మందిలో కణితి బాగా తగ్గింది.

అయితే ఏ పిల్లవాడిలో ఏ స్విచ్ చెడిందో ముందు తెలియాలి కదా! ఆ పని కోసమే సిడ్నీలోని చిల్డ్రన్స్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్, ర్యాండ్విక్ పిల్లల ఆసుపత్రి కలిసి 'జీరో' కార్యక్రమం నడుపుతున్నాయి. 2017లో బతికే ఆశ బాగా తక్కువగా ఉన్న పిల్లలతో దేశవ్యాప్త పరీక్షలు మొదలుపెట్టి, 2023 చివరికి ఆస్ట్రేలియాలో కేన్సర్ వచ్చిన పిల్లలందరికీ తలుపు తెరిచారు.

మిత్రుడికి ఆశ ఒక్కటే చెప్పలేదు, లెక్కలూ చెప్పాను. 2020లో ప్రచురించిన ఫలితాల్లో నూటికి 71 మంది పిల్లల్లో గురిపెట్టదగ్గ లోపం దొరికింది. సూచించిన మందు అందాక ఫలితం అంచనా వేయగలిగింది 38 మందిలోనే. వారిలో మేలు స్పష్టంగా కనిపించింది 31 శాతానికి. గురి దొరకడం వేరు, జబ్బు నయం కావడం వేరు. అయినా వెతకకపోతే గురి దొరకదు.

ఆయన సంతకం పెట్టాడు. ఆ రాత్రే ఊళ్ళో అమ్మకి ఫోన్ చేశాడు. పరీక్ష జవాబు ఇంకా రాలేదు. మీ ఇళ్ళలో ఇలాంటి కష్టం వస్తే దాచుకోకండి. ఈ పరీక్ష గురించి మీ డాక్టర్ని అడగండి.

ఇక సెలవు.