సరూర్‌నగర్ చెరువు కట్ట

సరూర్‌నగర్ చెరువు హైదరాబాదు నగర తూర్పు భాగంలో కర్మన్‌ఘాట్, దిల్‌సుఖ్‌నగర్‌లకు సమీపంలో ఉన్నది. 17వ శతాబ్దంలో, కుతుబ్‌షాహీల కాలంలో నిర్మించిన ఈ చెరువు విస్తీర్ణం సుమారు 99 ఎకరాలు. పూర్వం దీని నీటితో పొలాలు సాగయ్యేవి. నగరం విస్తరించిన కొద్దీ పొలాల స్థానంలో కాలనీలు వెలిశాయి, చెరువులోకి మురుగునీరు చేరసాగింది. 2003-04లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) దీనిని పునరుద్ధరించినది.

నడక, జాగింగ్

ఉదయం, సాయంత్రం పరిసర కాలనీల వారు చెరువు వద్దకు నడకకు, జాగింగ్‌కు వస్తారు. చెరువు కట్ట ఎత్తుపల్లాలు లేకుండా సమతలంగా ఉంటుంది కనుక కొత్తగా పరుగు మొదలుపెట్టేవారికి అనుకూలము. జాగింగ్ అనగా పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తుట. ఆయాసంతో మాట తడబడినచో కొంతసేపు నడిచి, మరల పరుగెత్తవలెను.

వరదలు

మీర్‌పేట వైపు చెరువుల అలుగు నీరు ఇందులో చేరుతుంది. ఇక్కడి మిగులు నీరు మూసీ నదిలో కలుస్తుంది. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు చెరువు నిండి పరిసర కాలనీలు ముంపునకు గురయ్యాయి. నేడు నడకబాటగా పరిచితమైన ఈ కట్ట అసలు పని నీటిని నిలుపుట. నీరు వచ్చే, పోయే కాలువలు ఆక్రమణకు గురైనచో కట్ట ఎంత దృఢంగా ఉన్నను నీరు ఇళ్ళవైపు మళ్ళుతుంది.