కట్నాల పుస్తకం, పక్కోడి చేను

హుజూర్‌నగర్ చుట్టుపక్కల పెళ్లిళ్లలో పందిరి కింద ఒక మనిషి నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. వచ్చినవాళ్ల పేరు, ఊరు, పెట్టిన కట్నం అందులో రాసుకుంటాడు. ఆ పుస్తకాన్ని ఏళ్ల తరబడి దాస్తారు. కట్నం పెట్టినవాళ్ల ఇంట్లో శుభకార్యం వచ్చిన రోజు పేజీలు తిప్పి చూస్తారు: వాళ్లు మనకెంత పెట్టారు, మనమెంత పెట్టాలి? సరిగ్గా అంతే పెడితే లెక్క తెంపుకున్నట్టు ఉంటుందని కాస్త కలిపి పెడతారు. బాకీ పూర్తిగా తీరకుండా చూసుకోవడమే ఇక్కడ మర్యాద.

ఈ సంగతి సిద్ధాంతంగా మారడానికి చాలాకాలం పట్టింది. పసిఫిక్ దీవుల్లో గవ్వల హారాలు, కడియాలు చేతులు మారే తీరును మలినోవ్‌స్కీ 1922లో వర్ణించాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ బాధ్యతలేనని ఫ్రాన్స్‌లో మార్సెల్ మోస్ 1925లో అన్నాడు. 1958లో జార్జ్ హోమన్స్ అనే అమెరికన్ ఇంకో అడుగు వేసి, మనుషుల మధ్య వ్యవహారమంతా ఇచ్చిపుచ్చుకోవడమేనని, సరుకుతో పాటు మెప్పూ గౌరవమూ చేతులు మారతాయని వాదించాడు. ఆయన చూపిన సాక్ష్యాల్లో ఒకటి పీటర్ బ్లౌ పరిశీలించిన ఒక సర్కారీ ఆఫీసు. పని సరిగ్గా రానివాడు వచ్చినవాణ్ని సలహా అడుగుతాడు. సలహా దొరుకుతుంది, బదులుగా అవతలివాడి పెద్దరికం ఒప్పుకోవాలి. మన తహసీల్ ఆఫీసుల్లో నాలుగు రోజులు తిరిగినవాళ్లకు ఇది కొత్త విషయమేమీ కాదు. 1964 నాటి పుస్తకంలో బ్లౌ దీన్నే సాగదీసి, అసలు ముడి పట్టుకున్నాడు: తిరిగి ఇవ్వలేనివాడు లొంగి ఉండాల్సి వస్తుంది, అధికారం అక్కడే పుడుతుంది.

నల్లగొండ మెట్టల్లో ఈ మాటకు బరువెక్కువ. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి ఏడాదంతా పని చేస్తే పంట నూర్చినప్పుడు కళ్లంలో మేర కొలిచి ఇచ్చేవారు. ఉత్తరాదిలో ఇలాంటి ఏర్పాటు మీద విలియం వైజర్ 1936లో పుస్తకం రాశాడు. హైదరాబాదుకు దగ్గరి శామీర్‌పేటను పరిశీలించి ఎస్.సి.దూబే 1955లో పుస్తకం వెలువరించాడు. ఇలాంటి రాతల్లో ఈ ఏర్పాటు పరస్పర సేవగా కనబడుతుంది. కానీ అదే ఊళ్లో, అదే చేతులతో, వెట్టి కూడా నడిచింది. దొర గడీకి కట్టెలు, నీళ్లు, చెప్పులు, బండి కట్టుడు. తిరిగి వచ్చేదేమీ లేదు. ఇది మారకం కానేకాదు, మారకం వేషం వేసుకున్న దోపిడీ. ఒకడి బలం అవతలివాడి గత్యంతరం లేనితనంలో ఉంటుందని రిచర్డ్ ఎమర్సన్ 1962లో రాసింది ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. భూమి దేశ్‌ముఖ్‌ది, దస్త్రం పటేల్ పట్వారీలది, ఫిర్యాదు చేయాలన్నా వాళ్ల గుమ్మమే. సూర్యాపేట దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు ఉండేవని చెప్పుకునే కాలంలో, పక్క ఊరికి పోయినా దొర మారడు.

మరి వెట్టి ఎలా ఆగింది? నాకు తోచినంతలో, మారకపు సిద్ధాంతం ఒక్కటే దీనికి జవాబు చెప్పలేదు. చూసి నేర్చుకోవడం గురించిన రెండో సిద్ధాంతాన్ని పక్కన నిలబెట్టాలి.

సమాజమే అనుకరణ అని గాబ్రియేల్ టార్డ్ 1890లోనే అన్నాడు. 1941లో మిల్లర్, డొల్లార్డ్ దాన్ని ప్రయోగశాలకు తెచ్చారు. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ బండూరా 72 మంది పిల్లలతో చేసిన ప్రయోగం అందరికీ తెలిసింది: పెద్దవాళ్లు గాలిబొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ కొట్టారు. దానికంటే 1965లో ఆయనే చేసిన ప్రయోగం లోతైనదని నా అభిప్రాయం. కొట్టినవాడికి శిక్ష పడ్డం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. చూసింది చేసి చూపిస్తే బహుమానమిస్తామనగానే మాత్రం మిగతావాళ్లతో సమానంగా చేసి చూపించారు. అంటే నేర్చుకోవడం ముందే అయిపోయింది, బయటపెట్టే అదును కోసం ఆగారంతే.

ఇప్పుడు వెట్టి సంగతికి తిరిగొద్దాం. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు, అందులో ఉన్న దొడ్డి కొమరయ్య చనిపోయాడు. శిక్ష చూసినవాళ్లు జంకుతారన్న లెక్క ప్రకారం ఉద్యమం అక్కడే ఆగాలి. జరిగింది తలకిందులు. కర్రలు పట్టుకుని ఒక ఊరివాళ్లు పక్క ఊరికి నడిచారు, ఆ ఊరివాళ్లు కలిసి ఇంకో ఊరికి. వెట్టి చేయం అన్న మాట అలా పాకింది. హుజూర్‌నగర్ తాలూకా కూడా ఆ తెలంగాణ రైతాంగ పోరాటపు నేలే. ఒకడి చావుతో పాటు వాళ్ల కళ్లపడింది వేలమంది వెంట ఉండటం, గడీలు వదిలి దొరలు పట్నం బాట పట్టడం. బండూరా బొమ్మ ఉన్న గదిలో పిల్లవాడు ఒంటరి, ఇక్కడ చూసేవాళ్లే గుంపు. ఆ తేడాను ప్రయోగశాల పట్టుకోలేకపోయింది.

చూసి చేయడం భూదానంలోనూ కనబడింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఆ తర్వాత వినోబా తెలంగాణలో నడిచిన ఏడు వారాల్లో 12 వేల ఎకరాలకు పైగా దానం వచ్చింది. ఒకరిని చూసి ఒకరు ఇచ్చారు, నిజమే. అయితే అయిదేళ్ల పోరాటం వెనక నిలబడకపోతే ఇన్ని చేతులు ఇంత త్వరగా తెరుచుకునేవా? దానంలో మంచితనం ఎంత, ముందుచూపు ఎంత అన్నది ఇచ్చినవాళ్లకే తెలియాలి.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక పాఠశాల చేలలోకి మారింది. జొన్న, సజ్జ, ఆముదం వేసే నేలల్లోకి ఎడమ కాలువ కింద వరి వచ్చింది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు వచ్చి భూములు కొన్నారు. నారుమడి ఎప్పుడు పోయాలో, ఎరువు ఎంత చల్లాలో గట్టు మీద నిలబడి చూసినవాళ్లు నేర్చుకున్నారు. అయోవా రైతులు కొత్త మొక్కజొన్న విత్తనాన్ని పక్కవాణ్ని చూసి వేశారని రయన్, గ్రాస్ 1943లో రాశారు. మన హరిత విప్లవపు లెక్కలతో ఫోస్టర్, రోజెన్‌జ్వైగ్ 1995లో ఇంకో మాట చేర్చారు: పక్కవాడి అనుభవం లాభమిస్తుంది గనుక, ముందు వాడే వేసి చూడనీ అని ఆగే బుద్ధి కూడా పుడుతుంది. మన రైతుకు ఆ ఆగడం తెలివితక్కువతనం కాదు, పంట పోతే అప్పు తనదే. చూసి నేర్చుకున్న చదువుకు ఫీజుండదంటారు గానీ, నీళ్ల విలువ ముందు తెలిసినవాడు కొన్నాడు, ఆలస్యంగా తెలిసినవాడు అప్పటికే అమ్ముకున్నాడు.

కాలువ అందని పాలమూరు వైపు మారకమే బీమాగా పనిచేసింది. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి అక్కడి అవురేపల్లి, దోకూరు గ్రామాల్లో ఇంటింటి ఆదాయం, ఖర్చు నమోదు చేసింది. ఇక్రిశాట్ లెక్కలను పట్టుకుని రోజెన్‌జ్వైగ్, స్టార్క్ 1989లో రాసింది చదివితే పెళ్లిచూపులు వేరుగా కనిపిస్తాయి. రాబడి నిలకడ లేని ఇళ్లు ఆడపిల్లను దూరపు ఊరికి ఇస్తున్నాయి, ఎందుకంటే ఇక్కడ వాన పోయిన ఏడు అక్కడా పోవాలని లేదు, వియ్యంకుడు ఆదుకోవచ్చు. అయితే ఆ బీమాకు ప్రీమియం ఆడపిల్ల కడుతుంది, పుట్టింటికి పోవాలంటే రెండు బస్సులు మారుతూ. ఈ మాట ఆ వ్యాసంలో కనిపించదు.

ఒక ఇంటి తిండి ఖర్చు ఆ ఇంటి రాబడి కంటే ఊరి సగటుతో పాటే ఎక్కువగా కదులుతుందని టౌన్‌సెండ్ 1994లో చూపించినప్పుడు, ఊరంతా ఒకటే కుటుంబమన్న పాత మాటకు అంకెల బలం దొరికినట్టయింది. 2012లో మజోకో, సైనీ ఇక్రిశాట్ గ్రామాల లెక్కలను మళ్లీ తీశారు. కష్టనష్టాలు పూర్తిగా పంచుకోవడం ఊరి స్థాయిలో నిలబడలేదు, కులం లోపల నిలబడింది.