బుల్లెట్ ఇంజన్‌లో పుష్‌రాడ్లు, లిఫ్టర్లు: పూర్వ వరంగల్ జిల్లా నంబరు ప్లేట్ల ఆధారంగా ఒక మరమ్మతు చరిత్ర

సాంకేతిక చరిత్రను ఆవిష్కరణల వరుసగా చెప్పడం పరిపాటి. డేవిడ్ ఎడ్జర్టన్ ‘ది షాక్ ఆఫ్ ది ఓల్డ్’ (2006) గ్రంథంలో ఈ పద్ధతిని ప్రశ్నించి, వస్తువు వాడుకలో ఉన్న కాలానికీ, దాని మరమ్మతుకూ ప్రాధాన్యమిచ్చాడు. ఆ దృష్టితో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల బుల్లెట్ మోటారు సైకిళ్లను పరిశీలిస్తే, వాటి నంబరు ప్లేట్లే చారిత్రక ఆధారాలవుతాయి.

1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా తయారుచేసిన బుల్లెట్ ఇంజన్‌లో క్యామ్‌లు కింద, వాల్వులు పైన ఉంటాయి. క్యామ్ కదలికను మొదట లిఫ్టర్ అందుకుంటుంది. దీన్నే మెకానిక్కులు టాపెట్ అంటారు. దానిపై నిలిచిన పుష్‌రాడ్ రాకర్‌ను నెడితే వాల్వు తెరుచుకుంటుంది. పాత కాస్ట్ ఐరన్ ఇంజన్‌లో సర్దుబాటు చేసే భాగం పుష్‌రాడ్ అడుగున, కుడివైపు చిన్న మూత వెనుక ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ చివర పిస్టన్ పైకి చేరిన స్థితిలో, పుష్‌రాడ్ రెండు వేళ్ల మధ్య తేలికగా తిరగాలి. పైకీ కిందికీ మాత్రం కదలకూడదు. ఎడం ఎక్కువైతే టకటక శబ్దం వస్తుంది. మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. నిశ్శబ్దంగా నడిచే బిగుతు ఇంజనే నిజానికి ఎక్కువ ప్రమాదకరం. పుష్‌రాడ్ వంగినా, కొస అరిగినా మార్చవలసిందే. మార్చిన ప్రతిసారీ వేళ్లతో మళ్లీ చూడవలసిందే.

2008లో ట్విన్‌స్పార్క్ థండర్‌బర్డ్‌తో మొదలైన యూనిట్ ఇంజన్లలో పుష్‌రాడ్లు నిలిచాయి కానీ, వాటి కింద హైడ్రాలిక్ లిఫ్టర్లు వచ్చాయి. లిఫ్టర్ లోపలి చిన్న ప్లంజర్ ఆయిల్ ఒత్తిడితో ఎడాన్ని తానే పూడుస్తుంది. ఇది కొత్త ఊహ కాదు. హార్లే డేవిడ్‌సన్ 1948లోనే పాన్‌హెడ్ ఇంజన్‌లో వీటిని పుష్‌రాడ్ల పైకొసన అమర్చి, 1953లో కిందికి, ఆయిల్ పంపుకు దగ్గరగా దించింది. ఆయిల్ సరిగా అందకపోతే హైడ్రాలిక్ లిఫ్టర్ పనిచేయదు. అందువల్ల యూనిట్ ఇంజన్‌లో టకటక వినిపిస్తే ముందు చూడవలసింది ఆయిల్ మట్టం, చిక్కదనం, మురికి. ఆ తర్వాతనే లిఫ్టర్ మార్పు. పై భాగాలు విప్పనిదే అది అందదు. శబ్దం వినగానే మార్చేయడం యజమానికి అనవసర ఖర్చు. దీన్ని నైపుణ్య క్షీణతగా లెక్కించడం తొందరపాటు. వేళ్లకు తెలిసిన పని చెవికి మారింది, అంతే.

ఈ మార్పు ఈ ప్రాంతానికి ఎప్పుడు వచ్చిందో నంబరు ప్లేట్లు సూచిస్తాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా సంకేతం ఏపీ 36. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో అది టీఎస్ 03 అయింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడడంతో భూపాలపల్లికి టీఎస్ 25, మహబూబాబాద్‌కు టీఎస్ 26, జనగామకు టీఎస్ 27 వచ్చాయి. కాస్ట్ ఐరన్ బుల్లెట్ తయారీ 2010 ప్రాంతంలోనే ముగిసింది. కనుక ఆ ఇంజన్ ఉన్న స్థానిక బండి మొదటి నంబరు టీఎస్ 03 కంటే ముందుదై ఉండాలి. అయితే ఏపీ 36 బండ్లన్నీ కాస్ట్ ఐరన్‌వి కావు. 2008 తర్వాతివాటిలో యూనిట్ ఇంజన్లూ ఉన్నాయి. ప్లేటు కాలపు హద్దును మాత్రమే చూపుతుంది.

2020లో మీటియార్‌తో వచ్చిన జె-సిరీస్ ఇంజన్ 2021లో క్లాసిక్‌కు, 2023లో బుల్లెట్‌కు చేరింది. క్యామ్ సిలిండర్ హెడ్‌లోకి వెళ్లడంతో పుష్‌రాడ్ల అవసరం పోయింది. 2024 మార్చి నుంచి టీజీ అక్షరాలతో రిజిస్టరైన కొత్త 350 బండ్లలో దాదాపుగా అవి కనిపించవు. విచిత్రమేమంటే, హైడ్రాలిక్ లిఫ్టర్లతో అనవసరమైన టాపెట్ సెట్టింగ్ ఈ ఇంజన్‌తో తిరిగి వచ్చింది. ఎడాన్ని మళ్లీ మనిషే సరిచేయాలి. కాకపోతే ఇప్పుడు రాకర్ కొసన, వేళ్లతో కాక ఫీలర్ గేజ్‌తో.