కడుపులో చీముగడ్డలు: నిర్ధారణ, చికిత్స

పొట్ట లోపల ఏదో ఒకచోట చుట్టూ గోడ కట్టుకుని నిలిచిపోయిన చీమే ఉదరాంతర చీముగడ్డ. పగిలిన అపెండిక్స్, చిల్లుపడ్డ పేగు, ఆపరేషన్ తర్వాత ఊడిన పేగు కుట్టు దీనికి తరచుగా కనిపించే మూలాలు. చీములో ఈ.కోలై, గాలి సోకని చోట పెరిగే బాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ వంటి బాక్టీరియాలు కలగలిసి ఉంటాయి. ఆ గోడ శరీరానికి మేలే చేస్తుంది. పొట్టంతా పాకి ప్రాణం తీయగల ఇన్‌ఫెక్షన్‌ను ఒక మూలన కట్టేస్తుంది. కానీ మందుకు అడ్డుపడేదీ అదే. లోపల రక్తనాళాలు లేవు, ఆమ్లత్వం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. జెంటామైసిన్ వంటి మందులు అక్కడికి చేరినా అంతంతమాత్రంగానే పనిచేస్తాయి. అందుకే చీమును బయటికి తీయడమే అసలు వైద్యం, యాంటీబయాటిక్ దానికి తోడు.

తీయాలంటే ముందు ఎక్కడుందో తెలియాలి. చేత్తో తడిమి చూస్తే చాలాసార్లు తెలియదు. డయాఫ్రమ్ కింద చీము చేరితే ఎక్కిళ్లు, భుజం నొప్పి రావచ్చు. కటి భాగంలో చేరితే మాటిమాటికీ విరేచనానికి వెళ్లాలనిపిస్తుంది, జిగట పడుతుంది. సాయంత్రానికి ఎక్కి తెల్లవారేసరికి దిగే జ్వరం అనుమానం పెంచుతుంది. అయితే వృద్ధులకు, స్టెరాయిడ్లు వాడేవారికి ఆ జ్వరం కూడా రాకపోవచ్చు. కాలేయాన్ని, కటి భాగాన్ని చూడటానికి అల్ట్రాసౌండ్ బాగా పనికొస్తుంది. పేగుల మధ్య చీమును మాత్రం వాటిలోని గాలి దాచేస్తుంది. అక్కడ కాంట్రాస్ట్ ఇచ్చి తీసే సీటీ స్కానే ఆధారం. ఆపరేషనైన తొలి రోజుల్లో పొట్టలో కొంత నీరు ఉండటం మామూలే కాబట్టి, రోగి నిలకడగా ఉంటే సాధారణంగా అయిదారు రోజులు ఆగి స్కాన్ తీస్తారు. కనిపించినది చీమో కాదో చివరకు తేల్చేది సూదితో లాగి చూడటమే.

1970ల దాకా చీము తీయడమంటే పొట్ట కోయడమే. స్కాన్ చూస్తూ చర్మం గుండా గొట్టం పెట్టే పద్ధతిపై స్టీఫెన్ గెర్జోఫ్ బృందం అయిదేళ్ల అనుభవాన్ని 1981లో ప్రకటించింది. ఇప్పుడు మొదటి మార్గం అదే. సురక్షితమైన దారి లేకపోయినా, పేగు ఇంకా కారుతూనే ఉన్నా ఆపరేషన్ తప్పదు. జ్వరం తగ్గి, రోజుకు 10-20 మిల్లీలీటర్ల కన్నా తక్కువ వస్తే గొట్టం తీసేస్తారు. చీము తగ్గకుండా వస్తూనే ఉంటే లోపల పేగుకు రంధ్రముందేమో చూడాలి.

ఇంత బలమైన మందులుండగా గొట్టమెందుకని అడగవచ్చు. 3 సెంటీమీటర్ల లోపు గడ్డలు మందులతోనే తగ్గే మాట నిజం. అంత చిన్నదానిలో గొట్టం పెట్టడమూ కష్టమే. పెద్దవాటి సంగతి వేరు: వాటిలో చీము తీయాల్సిందే, తీశాక మందును పొడిగించడం వల్ల లాభం లేదు. 2015లో వెలువడిన స్టాప్-ఇట్ పరిశోధనలో, ఇన్‌ఫెక్షన్ మూలాన్ని సరిగా తొలగించిన 518 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి యాంటీబయాటిక్ సుమారు 4 రోజులు, రెండో వర్గానికి లక్షణాలు తగ్గాక మరో 2 రోజుల దాకా, గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చారు. రెండింట్లోనూ నూటికి సుమారు 22 మందికి సమస్యలు ఎదురయ్యాయి. మూలం తొలగాక మందును పొడిగించినందువల్ల ఒరిగిందేమీ లేదు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మన దేశంలో తరచుగా కనిపించే అమీబిక్ కాలేయపు గడ్డ నుంచి వస్తుంది. కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ 1912లో ఎమెటిన్ ఇంజెక్షన్లతో, 1966 నుంచి వైద్యులు మెట్రోనిడజోల్‌తో దీన్ని కోయకుండానే నయం చేస్తూ వచ్చారు. కారణం లోపలి సరుకులోనే ఉంది. అది అసలైన చీము కాదు, చచ్చి కరిగిన కాలేయ కణజాలం. అమీబాలు ఉండేది గడ్డ అంచున. రక్తం వెంట మందు అక్కడికి చేరుతుంది. కనుక చీము తీయాలన్న సూత్రం ఇక్కడ వర్తించదే గాని, తప్పని తేలలేదు. కాలేయం ఎడమ తమ్మెలో గడ్డ ఉన్నా, పగిలేలా ఉన్నా, కొన్ని రోజుల మందుకు లొంగకపోయినా ఇక్కడా సూదితో లాగుతారు. ఆ తర్వాత పేగులో మిగిలిన అమీబాలను చంపడానికి డైలోక్సనైడ్ గానీ పారోమోమైసిన్ గానీ ఇవ్వాలి. రోగి కోలుకున్నాక కూడా స్కాన్‌లో గడ్డ జాడ నెలల తరబడి కనిపిస్తుంది. ఆ జాడను చూసి మళ్లీ సూదితో లాగనక్కర్లేదు.