టీవీ కట్టేసే పని ఎవరిది?

1957 ఫిబ్రవరి దాకా బ్రిటన్‌లో సాయంత్రం ఆరింటికి టీవీ ఆగిపోయేది. పిల్లల కార్యక్రమాలు అయిపోగానే ప్రసారం నిలిపేసేవారు. పెద్దల కార్యక్రమాలు మళ్లీ ఏడింటికి మొదలయ్యేవి. తల్లిదండ్రులు ఆ గంటలో చిన్నవాళ్లను నిద్రపుచ్చుకోవాలి, కాస్త పెద్దవాళ్లను హోంవర్కు దగ్గర కూర్చోబెట్టుకోవాలి. టాడ్లర్స్ ట్రూస్ (పసివాళ్ల సంధి) అని పేరుపడ్డ ఈ ఏర్పాటు ఉన్నన్నాళ్లూ, ఆ వేళకి టీవీ కట్టేసే బాధ్యత ఇంట్లో ఎవరి మీదా పడలేదు.

యుద్ధం వల్ల 1939లో మూతపడిన బీబీసీ టీవీ 1946 జూన్‌లో తిరిగి మొదలైంది. 1953 జూన్ 2న రెండో ఎలిజబెత్ పట్టాభిషేకాన్ని ఆ దేశంలో సుమారు రెండు కోట్ల మంది టీవీలో చూశారు. వాళ్లలో చాలామంది ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి చూసినవాళ్లే. ఆ తర్వాత సొంత టీవీ కొనుక్కునే ఇళ్లు వేగంగా పెరిగాయి. పసిపిల్లను టీవీ ముందు కూర్చోబెట్టి తల్లి తన పని చూసుకోవచ్చా అన్న ప్రశ్న కూడా అప్పుడే గట్టిగా వినిపించింది. ఆండీ పాండీ లాంటి పావుగంట బొమ్మలాటలకు బీబీసీ 1953లో పెట్టిన శీర్షికలోనే దాని జవాబు ఉంది. ఆ శీర్షిక ‘వాచ్ విత్ మదర్’. పిల్ల ఒంటరిగా చూడకూడదు, అమ్మ పక్కన ఉండాలి. పిల్లల మేలు కోరి చెప్పిన మాటే అది. కానీ అందులో నాన్న ఊసు లేదు. పొయ్యి మీద కూర ఉన్న తల్లికి ఆ పావుగంట ఎక్కడినుంచి వస్తుందన్న ఆలోచనా లేదు. తర్వాతి తరాల తల్లులు మోసిన నింద చాలావరకు ఈ లోటు నుంచే పుట్టింది.

సంధిని చెడగొట్టింది వ్యాపారం. 1955 సెప్టెంబరు 22న ప్రకటనల ఆదాయంతో నడిచే ఐటీవీ మొదలైంది. జనం ఇంటికి చేరే వేళలో గంటసేపు ప్రసారం లేకపోతే ఆ గంట ఆదాయమూ ఉండదు. లైసెన్సు రుసుముతో నడిచే బీబీసీకి ఆ తొందర లేదు. గంట పెరిగితే దానికి ఖర్చే పెరుగుతుంది. ప్రసార వేళలను నిర్ణయించే అధికారం అప్పట్లో పోస్ట్‌మాస్టర్ జనరల్‌ది. ఆ పదవిలో ఉన్న చార్లెస్ హిల్ వృత్తిరీత్యా వైద్యుడు. యుద్ధకాలంలో రేడియో డాక్టర్‌గా దేశమంతా విన్న గొంతు ఆయనది. పిల్లల్ని వేళకు పడుకోబెట్టడం తల్లిదండ్రుల పని, ప్రభుత్వం పని కాదని ఆయన నమ్మారు. చివరికి 1957 ఫిబ్రవరి 16, శనివారం నుంచి ఆ ఖాళీ గంట పోయింది. ఆ సాయంత్రమే బీబీసీ యువత కోసం ‘సిక్స్-ఫైవ్ స్పెషల్’ అనే పాటల కార్యక్రమం మొదలుపెట్టింది.

హిల్ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ మాటతో ఇంటిమీద పడ్డ బరువు చిన్నది కాదు. అంతవరకు ప్రసారమే ఆగేది కాబట్టి పిల్లవాడు ఏడ్చినా అమ్మ మీద కోపం పెట్టుకునేవాడు కాదు. ఇకమీదట మీట నొక్కేది అమ్మే, ఏడిపించేదీ అమ్మే. మరుసటి ఏడాది, 1958లో, హిల్డా హిమ్మెల్‌వైట్ బృందం ‘టెలివిజన్ అండ్ ది చైల్డ్’ అనే పరిశోధన గ్రంథం ప్రచురించింది. పిల్లలు రోజుకు సుమారు రెండు గంటలు టీవీ చూస్తున్నారని, పెద్దల అలవాటును బట్టే చాలావరకు పిల్లల అలవాటు ఉంటుందని అందులో తేలింది. ఈ రెండో సంగతి ఇప్పటికీ ఏ తల్లికీ తండ్రికీ వినడానికి ఇష్టముండదు.

ఇక మన దగ్గరికి వస్తే, తెలుగు పల్లెల్లో పిల్లలు మొదట చూసిన టీవీ చాలా క్రమశిక్షణతో వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ అనే టీవీ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా ప్రసారాలు అందాయి. పొద్దున గంటన్నర బడిపిల్లలకు కేటాయిస్తే, దాన్ని నాలుగు భాషలు పంచుకున్నాయి. తెలుగు వాటా సుమారు 22 నిమిషాలు. ఊరంతటికీ ఒకే టీవీ, అది కూడా ఇంట్లో కాదు, నలుగురి మధ్యా. పిల్లల కళ్లు పాడవుతాయని ఏ తల్లీ బెంగపడాల్సినంత సమయం కాదది.

1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చాక కూడా చాలాకాలం ప్రసారాలు సాయంత్రం కొన్ని గంటలే. శుక్రవారం చిత్రలహరి, వారాంతపు సినిమా, 1987 జనవరి నుంచి ఆదివారం పొద్దున రామాయణం. వీటికి వీధిలో టీవీ ఉన్న ఇంటి హాలు నిండిపోయేది, చోటు దొరకని పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని చూసేవారు. ఆనాటి టీవీలు చాలావాటికి చెక్క పెట్టె, జరిపే తలుపులు, కొన్నిటికి తాళం కూడా ఉండేవి. తాళంచెవి నాన్న దగ్గర ఉండేది. ఆంక్ష కఠినంగానే ఉండేది. అయితే తాళం వేసినందుకు ఏ తండ్రీ బాధపడలేదు, తీసినందుకూ బాధపడలేదు. ప్రసార వేళలు ఎలాగూ కొద్దిగా ఉండటమే అందుకు కారణం.

1995 ఆ నిశ్చింతను మార్చింది. ఈటీవీ, జెమినీ ఆ ఏడాదే వచ్చాయి. కార్టూన్ నెట్‌వర్క్ కూడా ఆ ఏడాదే భారత్‌లో అడుగుపెట్టింది. ప్రసారం ఇక దానంతటది ఆగదని ఇళ్లకు అర్థమవడానికి ఎంతోకాలం పట్టలేదు. టెన్తో ఇంటరో పరీక్షలు దగ్గర పడగానే కేబుల్ తీయించేయడం తెలుగు మధ్యతరగతి ఇళ్లలో ఆనవాయితీ అయింది. పిల్లవాడి కోసం తాతయ్య వార్తలు, నానమ్మ సీరియలు కూడా మానుకున్న ఇళ్లు ఎన్నో. ఆ తర్వాత 2008లో హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సృష్టించిన ఛోటా భీమ్ పోగో చానల్లో మొదలై దేశమంతటి పిల్లల నేస్తమయ్యాడు. తెర మీద ఉన్నది మన ఊళ్లాంటి ఊరు, తినేది లడ్డూ. అది చూస్తే తల్లిదండ్రుల మనసు కొంత కుదుటపడేది. గంటలు మాత్రం తగ్గలేదు.

2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర పడిపోయాక తెర అరచేతిలోకి దిగింది. చందమామను చూపించి గోరుముద్దలు తినిపించిన చోట ఫోన్లో పాటల వీడియో వచ్చి కూర్చుంది. ఉద్యోగం నుంచి వచ్చి వంట మొదలుపెట్టే తల్లికి, దగ్గర్లో అమ్మమ్మా నానమ్మా లేని ఇంట్లో, ఆ వీడియో నిజంగానే సాయం. దాన్ని సోమరితనం అనడం అన్యాయం. డాలస్‌లోనైనా దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా తెలుగు తల్లులు ఈ సంగతి తమలో తాము నవ్వుతూనే చెప్పుకుంటారు: ‘ఐదు నిమిషాలే’ అని ఇచ్చిన ఫోన్ అన్నం చల్లారేదాకా తిరిగి రాలేదని, ‘మా వాడికి ఫోన్ నాకంటే బాగా వచ్చు’ అని. రెండో మాటలో మురిపెం ఎంతో బాధా అంతే. డాక్టరు ముందు దాచిన గంటల లెక్క స్నేహితురాలి ముందు బయటపడేది ఇలాంటి నవ్వులోనే. ఈ హాస్యానికి ఉన్న విలువ అది: బరువును తగ్గించదు, పంచుతుంది.

ఇంతలో లెక్కలు అధికారికమయ్యాయి. ఏడాదిలోపు పిల్లలకు తెర వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో చెప్పింది. ఏడాది తిరగకముందే కరోనా వచ్చి బడినే తెరమీదికి తెచ్చింది. 2020 జులైలో కేంద్రం విడుదల చేసిన ప్రజ్ఞత మార్గదర్శకాలు ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు ఆన్‌లైన్ పాఠాలకు మించకూడదన్నాయి. ఒక్కో పాఠం 30 నుంచి 45 నిమిషాలు. సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ పాఠాలు ప్రసారం చేశాయి. నిన్నటిదాకా లాక్కున్న ఫోన్‌ను తల్లిదండ్రులే అప్పుచేసి కొనివ్వాల్సి వచ్చింది. బళ్లు తెరిచాక దాన్ని తిరిగి తీసుకోవడం చాలా ఇళ్లలో సాధ్యం కాలేదు.

ఈమధ్య కొన్ని ప్రభుత్వాలు హిల్ వదిలేసిన పనిని మళ్లీ చేతిలోకి తీసుకుంటున్నాయి. 2021లో చైనా 18 ఏళ్లలోపు వారి ఆన్‌లైన్ ఆటలను శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా మాత్రమే అనుమతించింది. ఆస్ట్రేలియా 2024 నవంబరులో చేసిన చట్టం, 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చూసే బాధ్యతను కంపెనీలకు అప్పగించి, 2025 డిసెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఉల్లంఘిస్తే జరిమానా 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా ఉంటుంది. అది కంపెనీకే, పిల్లలకూ తల్లిదండ్రులకూ ఆ చట్టంలో ఏ శిక్షా లేదు.