నడిపించనన్న నాయకుడు

థెరపీ గ్రూపులు ఎలా నడపాలో నేర్చుకునేవాళ్లకి విల్‌ఫ్రెడ్ బియాన్ ఎక్కువగా సిద్ధాంతకర్తగానే తగులుతాడు. ఆ సిద్ధాంతాలు కొరకరాని కొయ్యలు. నాకు మాత్రం వాటికి ముందు అతను చేసిన ఆరు వారాల పని మీదే ఆసక్తి.

1942-43 చలికాలం. బర్మింగ్‌హామ్ దగ్గర నార్త్‌ఫీల్డ్ సైనిక ఆసుపత్రి. యుద్ధంలో మనసు చెదిరిన సైనికుల్ని మళ్లీ సైన్యానికి పనికొచ్చేలా చెయ్యాలి. వాళ్ల ట్రైనింగ్ వింగ్ బాధ్యత బియాన్‌ది. అతనూ మొదటి ప్రపంచయుద్ధంలో ట్యాంకుల్లో పోరాడినవాడే. ఆఫీసులో కూర్చుంటే చాలు, విన్నపాలతో, ఫిర్యాదులతో తోసుకొచ్చేవారు. ఒక్కొక్కరిదీ తీర్చుకుంటూ పోతే ఎప్పటికీ తెమలదు. అసలు జబ్బు అందరికీ ఉమ్మడిది అనుకున్నాడు.

అందుకని కొన్ని నియమాలు పెట్టాడు. రోజూ గంట వ్యాయామం. వడ్రంగమో, మ్యాపులు చదవడమో, ప్రతివాడూ ఏదో ఒక గ్రూపులో చేరాలి. నచ్చినది లేకపోతే కొత్తది పెట్టుకోవచ్చు. గ్రూపుకి వెళ్లలేనంటే విశ్రాంతి గదికి వెళ్లాలి. మధ్యాహ్నం 12:10కి అందరూ కలవాలి, అరగంట. పైకి ప్రకటనల కోసమే గానీ, అసలు ఉద్దేశం రోజుకొకసారైనా తమ గుంపుని తామే బయటినుంచి చూసుకోవడం.

కొన్నాళ్లకి సైనికులే వచ్చి చెప్పారు: పనిచేసేది 20 శాతమే, మిగతా 80 శాతం ఎగ్గొట్టేవాళ్లే. ఏ మేనేజరైనా ఇక్కడ మెమో ఇస్తాడు. బియాన్ ఎవర్నీ శిక్షించలేదు, ప్రశ్నని తిరిగి వాళ్ల ముందే పెట్టాడు. పట్టనట్టు వదిలేయడం కాదిది. అలా ఆగి ఉండటం ఎంత కష్టమో మా స్టాండప్ మీటింగులు చూస్తే తెలుస్తుంది. పది సెకన్లు నిశ్శబ్దం వస్తే చాలు, ఎవరో ఒకరు ‘ఓకే, నెక్స్ట్’ అనేస్తారు.

ఆరు వారాలకే ప్రయోగం ఆపేశారు, బియాన్‌ని బదిలీ చేశారు. ఎందుకన్నదానికి రకరకాల కథలున్నాయి. నాకనిపించేది ఇది: వింగులో మనుషుల కంగారుని అంత ఓపిగ్గా చూసినవాడు, పై అధికారుల కంగారుని లెక్కలోకి తీసుకోలేదు. వాళ్లూ ఒక గ్రూపే కదా!

ఆసుపత్రి మొత్తాన్నీ ఒకే గ్రూపుగా చూడాలన్నది తర్వాత వచ్చిన హెరాల్డ్ బ్రిడ్జర్‌కి పట్టుబడింది. డాక్టరు కాదు. ఒకప్పటి లెక్కల మాస్టారు, ఫిరంగి దళం అధికారి. ఒక వార్డుని ఖాళీ చేయించి ‘హాస్పిటల్ క్లబ్’ అని పేరుపెట్టాడు. అంతే, లోపల ఏమీ పెట్టలేదు. యుద్ధం రోజుల్లో ఇంత చోటు వృథానా అని రోగులు మండిపడ్డారు. నిలదీయడానికి మీటింగు పెట్టారు. క్లబ్బు ఆ మీటింగుతోనే మొదలైంది.